లాగ్ పెడితే సినిమా అయిపోదు బాస్!

కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొన్నవాళ్లెవరినైనా అడగండి, మెనూలో ఎక్కడ ఆగిపోయారని. నూటికి తొంభై మంది చెప్పే పేరు ‘పిక్చర్ ప్రొఫైల్’. సోనీ కెమెరా అయితే లోపలికి వెళ్లగానే పీపీ1 నుంచి పీపీ10 వరకు, కొత్త మోడల్ అయితే పీపీ11 వరకు వరుసగా నంబర్లు కనిపిస్తాయి. ఏ నంబర్ ఏం చేస్తుందో పక్కన ఒక్క ముక్క రాసి ఉండదు. మనమేం చేస్తాం? యూట్యూబ్ తెరుస్తాం. అక్కడ ఓ అన్న కాఫీ కప్పు పట్టుకుని ‘పీపీ8 పెట్టు బ్రో, ఎస్-లాగ్3, ఇక సినిమా లుక్కే’ అంటాడు. పెట్టేస్తాం. స్క్రీన్ మీద బొమ్మ మజ్జిగలో ముంచినట్టు తెల్లగా, నీరసంగా వస్తుంది. అదే ప్రొఫెషనల్ అనుకుని సర్దుకుపోతాం.

ఈ వారం సంగతి అదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మనం ఎక్కువగా షూట్ చేసే చోట్ల, మనలో చాలామంది చేతిలో ఉండే కెమెరాలతో, పీపీ8 మొదట పెట్టాల్సిన సెట్టింగ్ కాదు. కొన్ని చోట్ల పెట్టకూడని సెట్టింగ్. ప్రొఫైల్‌ని లుక్కు కోసం కాకుండా లైటును చూసి ఎంచుకోవాలి. ఎలాగో చూద్దాం.

సెన్సర్ మీద పడిన వెలుగునంతా కెమెరా వీడియో ఫైల్‌లో పెట్టలేదు. అంత చోటు ఉండదు. కాబట్టి ఉన్న చోటును పంచుతుంది. నీడలకు ఇన్ని మెట్లు, మొహాలకు ఇన్ని, ఆకాశానికి ఇన్ని అని. ఈ పంపకం పేరే గామా. దానికి రంగు ఎంత చిక్కగా ఉండాలి, అంచులు ఎంత షార్ప్‌గా ఉండాలి అన్నవి కలిపితే ప్రొఫైల్ అవుతుంది. క్యానన్‌లో దీన్ని పిక్చర్ స్టైల్ అంటారు, నికాన్‌లో పిక్చర్ కంట్రోల్, పానసోనిక్‌లో ఫొటో స్టైల్, ఫ్యూజీలో ఫిల్మ్ సిమ్యులేషన్. పేర్లు వేరైనా పని ఒకటే. ఫొటోల్లో అయితే రా ఫైల్ ఉంటుంది, ఇంటికొచ్చాక పంపకం మార్చుకోవచ్చు. మన బడ్జెట్ కెమెరాల వీడియోలో ఆ సుఖం లేదు. రికార్డ్ బటన్ నొక్కినప్పుడు ఎలా పంచిందో అలాగే ఫైల్‌లో గట్టిపడిపోతుంది.

వంటింటి భాషలో చెప్పాలంటే, స్టాండర్డ్ ప్రొఫైల్ అంటే ఉప్పు, కారం, పోపు అన్నీ పడిన పప్పు. తినడానికి రెడీ. లాగ్ అంటే ఉడికించి పక్కన పెట్టిన చప్పిడి పప్పు. పోపు తర్వాత మీ ఇష్టం. మామిడికాయ వేస్తారో గోంగూర వేస్తారో మీరే తేల్చుకోవచ్చు. ఇక్కడివరకు లాగ్ గొప్పదే. కానీ ఆ పప్పు అడుగంటి ఉంటే ఎంత ఘుమఘుమలాడే పోపు పెట్టినా ఆ వాసన పోదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఫంక్షన్ హాల్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

(మా ఆఫీసులో లాగ్ అంటే అర్ధరాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు కళ్లు నులుముకుంటూ చదివేది. కెమెరా లాగ్‌కి దాంతో చుట్టరికం లేదు. ఇది పదో తరగతి లెక్కల్లో మనల్ని ఏడిపించిన లాగరిథమ్‌కి సొంత తమ్ముడు. ఫిల్మ్ నెగటివ్‌ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచడానికి 1990ల మొదట్లో కొడాక్ తెచ్చిన సినియాన్ పద్ధతి ఉంది. సోనీ ఎస్-లాగ్3 గీత దాని పోలికలతోనే ఉంటుంది.)

ఇప్పుడు కొంచెం లెక్క. తక్కువ ధర కెమెరాల్లో చాలావరకు 8 బిట్‌లో రికార్డ్ చేస్తాయి. అంటే ఒక్కో రంగుకు నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు. 10 బిట్ అయితే 1024. టీవీల కోసం పెట్టిన రెక్-709 పద్ధతిలో నలుపు నుంచి మామూలు తెలుపు దాకా సుమారు 220 మెట్లు వాడుకుంటాం. ఎస్-లాగ్3లో ఏమవుతుందంటే, మధ్య బూడిద రంగు 41 శాతం దగ్గర, తెల్ల కాగితం 61 శాతం దగ్గర కూర్చుంటాయి. ఆ పైన ఉన్న చోటంతా ఎండలో మెరిసే మేఘాలకు, హెడ్‌లైట్లకు రిజర్వ్. అంటే 8 బిట్ కెమెరాలో మీ సీన్‌లోని నలుపుకీ తెల్ల చొక్కాకీ మధ్య మిగిలేది సుమారు 125 మెట్లు. తర్వాత ఎడిటింగ్‌లో ఆ 125నే సాగదీసి 220 చోట్ల పరచాలి. సాయంకాలం ఆకాశంలో చారలు చారలుగా విడిపోయిన వీడియోలు చూసే ఉంటారు. అదే ఇది. మొహం మీద బుగ్గ నుంచి చెవి దాకా మెల్లగా మారాల్సిన రంగు పొలం గట్లలా విడిపోయినా కారణం ఇదే.

కాబట్టి మొదటి ప్రశ్న లైటు గురించి కూడా కాదు. మీ కెమెరా 10 బిట్ రాస్తుందా? స్పెసిఫికేషన్ పేజీలో 4:2:2 10 బిట్ అని ఉందా? లేకపోతే ఎస్-లాగ్3ని ‘ఎమర్జెన్సీలో మాత్రమే’ అనే డబ్బాలో పడేయండి.

ఇక ఫంక్షన్ హాల్ దగ్గరికి వద్దాం, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

మాఘమాసంలో ఖమ్మం దగ్గర మా పిన్ని కొడుకు పెళ్లి జరిగింది. రాత్రి ముహూర్తం. వీడియో తీసినతను కుర్రాడే, కష్టపడేవాడే, నిలబడిన చోట కూర్చోకుండా తీశాడు. రెండు వారాల తర్వాత మా తమ్ముడు హార్డ్ డిస్క్ పట్టుకుని హైదరాబాద్‌లో మా రూమ్‌కి వచ్చాడు.

“అన్నా, నువ్వు కంప్యూటరోడివి కదా, ఇదేందో జర చూడు. అంతా గ్రెయిన్స్ గ్రెయిన్స్ ఉంది.”

“లాగ్‌లో తీసిండా?”

“ఏమో అన్నా, కలర్ తర్వాత చేస్తా అన్నడు. చేసి ఇచ్చిండు. అమ్మ అయితే ఒక్కసారి చూసి మళ్ల పెట్టొద్దంది.”

ఓపెన్ చేశా. 8 బిట్ కెమెరా, ఎస్-లాగ్3, ఐఎస్ఓ 6400. కిట్ లెన్స్. మండపం మీద ఊదారంగు లైట్లు, కింద కుర్చీల్లో దాదాపు చీకటి. నల్లటి చోట్ల చీమలు పాకుతున్నట్టు గ్రెయిన్స్. తమ్ముడికి కావాల్సింది పెద్ద సీన్లు కావు. మూడో వరసలో మా నాయనమ్మ కూర్చుని ఉన్న పదకొండు సెకన్ల ముక్క. తలంబ్రాలప్పుడు చూసి నవ్వుతుంది. పెళ్లయిన తొమ్మిదో రోజు ఆమె పోయింది. ఆమె కదులుతూ కనిపించే ఆఖరి వీడియో అదే. ఆ ముక్కలో నవ్వు తెలుస్తుంది గానీ కళ్లు తెలియవు. నీడలు పైకి లాగితే ఆకుపచ్చ మచ్చలు వస్తున్నాయి, లాగకపోతే మొహం లేదు. డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వర్షన్‌లో నాయిస్ రిడక్షన్ ఉండదు. డబ్బు కట్టిన వర్షన్‌లో ఆఫీస్ ఫ్రెండ్ ఒకడు చేసిపెట్టాడు. గ్రెయిన్స్‌తో పాటు మొహం మీది ముడతలు కూడా పోయాయి. మైనపు బొమ్మలా తయారైంది. చివరికి గ్రెయిన్స్ ఉన్నదే ఉంచుకున్నాం.

ఇది ఎందుకిలా అయిందో అర్థమైతే ప్రొఫైళ్ల సంగతి సగం అర్థమైనట్టే.

ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూడండి, లాగ్ చేసే పని అదే. ముందు సీట్లన్నిటి మీదా కర్చీఫ్‌లు వేసి ‘ఇక్కడ ఎండ వస్తుంది, ఇక్కడ మేఘాలు వస్తాయి’ అని ఆపి పెడుతుంది. మే నెల మధ్యాహ్నం అయితే వాళ్లు నిజంగానే వస్తారు, సీట్లు దొరుకుతాయి, అందరూ హ్యాపీ. రాత్రి హాల్లో ఆ ప్యాసింజర్లు ఎవరూ రారు. ముందు సీట్లు ఖాళీ. వెనక నీడల్లో మాత్రం జనం ఒకరి మీద ఒకరు పడి నిలబడి ఉంటారు. చీకటి హాల్లో లాగ్ అంటే ఇంతే.

ఇంకో సంగతి ఉంది. లాగ్‌లో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ని ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల దాకా ఎక్కువ పెట్టమని అనుభవం ఉన్నవాళ్లంతా చెబుతారు. ఎక్కువ వెలుగు ఇచ్చి, ఎడిటింగ్‌లో కిందికి దించితే గ్రెయిన్స్ కూడా కిందికి దిగి కనబడవు. ఎండలో ఇది సులువు. చీకట్లో ఆ రెండు స్టాప్‌లు ఎక్కడి నుంచి తెస్తారు? లెన్స్ అప్పటికే పూర్తిగా తెరిచి ఉంటుంది, షట్టర్ కదపలేం, మిగిలింది ఐఎస్ఓ. అది పెంచితే గ్రెయిన్స్ పెరుగుతాయి. అంటే వెలుగు అవసరమైన ప్రొఫైల్‌ని వెలుగు లేని చోట వాడుతున్నాం. పప్పు అడుగంటడం అంటే ఇదే.

మరి హాల్లో ఏం పెట్టాలి? కొత్త మోడల్ అయి పీపీ11లో ఎస్-సినీటోన్ ఉంటే కళ్లు మూసుకుని అది పెట్టండి. మొహాలు మెత్తగా వస్తాయి, బల్బుల చుట్టూ వెలుగు కర్కశంగా విరగదు, తర్వాత పెద్దగా పని ఉండదు. అది లేకపోతే గామాలో సినీ4. అది నీడల్లో కాంట్రాస్ట్ నిలబెడుతుంది కాబట్టి గ్రెయిన్స్ నలుపులోకి జారిపోతాయి. పానసోనిక్ వాళ్లకు సినీలైక్ వి, క్యానన్ వాళ్లకు పిక్చర్ స్టైల్‌లో న్యూట్రల్ పెట్టి షార్ప్‌నెస్ బాగా తగ్గించడం. షార్ప్‌నెస్ తగ్గించడం మాత్రం ఎవరికైనా చెప్తా. చీకట్లో కెమెరా షార్ప్ చేసేది మొహాల కన్నా ముందు గ్రెయిన్స్‌నే. లెన్స్ గురించి కూడా ఒక ముక్క: కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్5.6కి పడిపోతుంది. ఎఫ్1.8 లెన్స్ ఒకటి అద్దెకు తెచ్చుకుంటే మూడు స్టాప్‌లకు పైగా లాభం. ఏ ప్రొఫైలూ అంత లాభం ఇవ్వదు.

మండపం వెనక ఎల్ఈడీ వాల్ పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్. దాని వెలుగు వధూవరుల మొహాల మీది వెలుగుకి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇది చూసి ‘డైనమిక్ రేంజ్ ఎక్కువ కదా, లాగ్ పెట్టాల్సిందే’ అంటారు. నేనైతే నేరుగా ఆ వాల్ ఆపరేటర్ దగ్గరికి వెళ్లి టీ ఇప్పించి బ్రైట్‌నెస్ సగానికి తగ్గించమంటా. నవ్వకండి, పనిచేస్తుంది. ఆయన ఒప్పుకోకపోతే మొహానికి ఎక్స్‌పోజ్ చేసి వాల్‌ని బర్న్ అవనివ్వండి. పదేళ్ల తర్వాత ఆ వాల్ మీద ఏం డిజైన్ వచ్చిందో ఎవరూ చూడరు.

నీలం, ఊదారంగు పార్ లైట్ల సంగతి వేరు. పూర్తి నీలం లైటు మొహం మీద పడితే ఎరుపు, ఆకుపచ్చ చానళ్లలో దాదాపు ఏమీ ఉండదు. మొహం మీద ఎత్తుపల్లాలు మాయమై ఒకే రంగు ముద్దలా వస్తుంది. అక్కడ లేని రంగుని లాగ్ అయినా, లక్ష రూపాయల లట్ ప్యాక్ అయినా తేలేవు. కెమెరా మీద చిన్న తెల్ల ఎల్ఈడీ ఒకటి పెట్టుకుని మొహం మీద కాస్త పడేలా చూసుకోవడమే మందు.

హాల్లో ఇంకో శత్రువు ఫ్లికర్. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అందుకే షట్టర్ 50 లేదా 100లో ఉండాలి. అమెరికా యూట్యూబర్ 60 పెట్టమన్నాడని పెడితే వీడియోలో నల్ల పట్టీలు పాకుతుంటాయి. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, అందుకని వాళ్లకది కరెక్ట్.

ఎండ సంగతికొద్దాం. పొలంలో ప్రీ-వెడ్డింగ్ షూట్, మధ్యాహ్నం పన్నెండు. చెట్టు నీడలో అమ్మాయి, వెనక తెల్లగా మండిపోతున్న ఆకాశం. కర్చీఫ్‌లు వేసిన సీట్లు నిండే చోటు ఇదే. 10 బిట్ కెమెరా ఉంటే ఇక్కడ ఎస్-లాగ్3 నిజంగా పనికొస్తుంది. కానీ ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా అటు చూడొద్దు. ఎందుకో లెక్క చూడండి. నడినెత్తి ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 50 పెడితే ఎఫ్22 కావాలి. మీకు కావాల్సింది వెనక బ్లర్ వచ్చే ఎఫ్4. అది ఐదు స్టాప్‌ల తేడా. పైగా ఎంట్రీ లెవెల్ సోనీల్లో ఎస్-లాగ్ పెట్టగానే ఐఎస్ఓ 500 కన్నా కిందికి దిగదు. అది ఇంకో రెండు స్టాప్‌లకు పైనే. మొత్తం ఏడు స్టాప్‌లు దాటింది. కావాలని రెండు స్టాప్‌లు ఎక్కువ ఇచ్చినా ఐదున్నర దాకా కోసే ఫిల్టర్ ఉండాలి. ఫిల్టర్ లేనివాళ్లు షట్టర్ 2000 పెట్టేస్తారు. అప్పుడు చీర కొంగు ఎగిరే షాట్ ఎగిరినట్టుండదు, తెగిన రీళ్లలా టకటకమంటుంది.

8 బిట్ వాళ్లకు ఎండలో నేను చెప్పేది సినీ2 లేదా హెచ్‌ఎల్‌జీ. సినీ2 మెరిసే చోట్లను మెత్తగా మడిచి, మామూలు వీడియో హద్దు దాటకుండా చూసుకుంటుంది. హెచ్‌ఎల్‌జీని బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి ప్రసారాల కోసం తయారుచేశాయి. మామూలు గామా కన్నా మేఘాల్లో వివరం ఎక్కువ ఉంచుతుంది, లాగ్ అంత చప్పగా ఉండదు. దాని కనీస ఐఎస్ఓ కూడా లాగ్ కన్నా తక్కువ. కాకపోతే ఎడిటింగ్‌లో రెక్-709కి మార్చడం తెలిసి ఉండాలి. తెలియకపోతే సినీ2తోనే ఉండండి, కొంప మునగదు.

మబ్బు పట్టిన రోజు, సాయంత్రం ఐదు తర్వాత, వరండా నీడ... వీటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఏది పెట్టినా బాగుంటుంది. ఎస్-సినీటోన్ అయినా, న్యూట్రల్ అయినా. షూట్ టైమ్ మీ చేతిలో ఉంటే ఆ టైమే పెట్టుకోండి.

తెల్లవారుజాము ముహూర్తాలు మాత్రం తమాషాగా ఉంటాయి. హోమం మంట, మధుపర్కాల తెల్ల చీర, దాని ఎర్ర అంచు, చామనఛాయ మొహాలు, అన్నీ ఒకే ఫ్రేమ్‌లో. మంట బర్న్ అయితే పర్లేదు, మంట మంటలాగే ఉంటుంది. చీర బర్న్ అవకూడదు. నేత కనబడకపోతే అది బెడ్‌షీట్‌లా కనిపిస్తుంది. జీబ్రాని 95 దగ్గర పెట్టి చీర మీద గీతలు మొదలయ్యే చోట ఆపేయండి. ఎర్ర అంచు రంగు కారిపోయినట్టు ముద్దగా వస్తుంటే ప్రొఫైల్‌లోకి వెళ్లి శాచురేషన్ కొద్దిగా తగ్గించండి. తర్వాత పెంచుకోవచ్చు గానీ, అప్పుడే పగిలిపోయిన ఎరుపుని వెనక్కి తేలేం.

జీబ్రా అన్నాను కాబట్టి ఇంకో మాట. ‘స్కిన్‌కి జీబ్రా 70’ అని ట్యుటోరియల్స్‌లో వింటుంటాం. అది తెల్ల తోలుకి లెక్క. మన చామనఛాయ మొహాన్ని 70 దాకా లాక్కెళ్తే పౌడర్ డబ్బాలో ముంచినట్టుంటుంది. మామూలు ప్రొఫైల్‌లో నేను 50 నుంచి 60 మధ్య చూసుకుంటా, ఇంకా నల్లగా ఉన్నవాళ్లకు అంతకన్నా తక్కువే. ఈ పక్షపాతం కొత్తది కాదు. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ‘షర్లీ కార్డ్’ అని ఒక ఫొటో పంపేది, దాని మీద ఏళ్ల తరబడి తెల్ల అమ్మాయిలే. ఆమె మొహం బాగొస్తే మెషిన్ కరెక్ట్ అన్నమాట. మిగతా రంగులవాళ్ల సంగతి వాళ్ల కర్మ. ఆ కార్డ్ పోయినా ఆ నంబర్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. పెళ్లికూతురు నలుపని ఎక్స్‌పోజర్ పెంచి ‘తెల్లగా’ చేసేవాళ్లు మనలోనూ ఉన్నారు లెండి. దానికి కొడాక్‌ని తిట్టి లాభం లేదు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఏ ప్రొఫైలూ కాపాడదు. హల్దీలో ఫ్రేమంతా పసుపే. కెమెరా ‘ఏంటి ఇంత పసుపు, లైటు తేడాగా ఉన్నట్టుంది’ అనుకుని నీలం కలిపేస్తుంది. పసుపు నీళ్లు సున్నపు తేటలా తయారవుతాయి. మనిషి పక్కకు జరిగితే మళ్లీ మారుతుంది. బయట ఎండలో 5600, పాత పసుపు బల్బుల కింద 3200 అని కెల్విన్‌లో లాక్ చేసేయండి. మిక్స్‌డ్ ఎల్ఈడీలు అయితే తెల్ల కాగితం చూపించి కస్టమ్ సెట్ చేసుకోండి. 8 బిట్ లాగ్‌లో తప్పు వైట్ బ్యాలెన్స్‌ని సరిచేయడం కన్నా ఉతికిన చొక్కా మీద ఆవకాయ మరక తీయడం సులువు.

కెమెరా లేదు, ఫోనే ఉంది అనేవాళ్లు ఇంతవరకు చదివారంటే మీ ఓపికకు దండం. మీకూ ఇదే కథ. ఐఫోన్ 15 ప్రోతో 2023లో యాపిల్ లాగ్ వచ్చింది, 2025లో శాంసంగ్ ఎస్25 ఫోన్లలో కూడా లాగ్ వచ్చింది. రెండూ 10 బిట్, కాబట్టి ఎండలో బాగా పనికొస్తాయి. కానీ ఫోన్ సెన్సర్ ఎంత చిన్నదో తెలుసు కదా, రాత్రి హాల్లో కర్చీఫ్ సమస్య ఇంకా ఎక్కువ. పైగా ఐఫోన్ ప్రోరెస్‌లో 4కే వీడియో ఒక్క నిమిషానికి సుమారు 6 జీబీ తింటుంది. తాళి కట్టే టైమ్‌కి ‘స్టోరేజ్ ఫుల్’ వస్తే అత్తామామలకు మీరే సమాధానం చెప్పుకోవాలి. ఫ్రీగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో అయితే యాపిల్ లాగ్‌నే తక్కువ సైజు ఫైల్‌గా తీయొచ్చు.

లాగ్ లేని మామూలు ఫోన్లలో చేయాల్సింది రెండే. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి హెచ్‌డీఆర్ వీడియో ఆఫ్ చేయండి. నలుగురి క్లిప్పులు కలిపి ఎడిట్ చేసేటప్పుడు ఒకటి వెలిగిపోతూ ఇంకోటి పాలిపోయి కనిపించడం తగ్గుతుంది. రెండోది, మొహం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి కొద్దిగా కిందికి లాగండి. ఫోన్‌కి చీకటంటే భయం, ఊరికే వెలుగు పెంచేస్తుంది.

ఇంకొకటి అడగాలి. తీసిన తర్వాత కలర్ ఎవరు చేస్తారు? ఎంత టైమ్ ఉంది? మరుసటి రోజు ఉదయానికి రీల్ కావాలని పెళ్లికొడుకు ఫ్రెండ్స్ మెడ మీద కూర్చుంటే లాగ్ పెట్టొద్దు. రా ఫుటేజ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయమని పెద్దాయన అంటే అసలే పెట్టొద్దు. ఆయన ఇంటికెళ్లి టీవీలో పెట్టుకుని ‘ఏంటి బాబూ, అంతా బూడిద కొట్టుకుపోయింది, కెమెరా పాడైందా?’ అని ఫోన్ చేస్తారు. మీరు రెక్-709 గురించి వివరించలేరు. రెండు కెమెరాలతో తీస్తుంటే రెండింట్లోనూ ఒకే ప్రొఫైల్, ఒకే కెల్విన్. ఒకదాంట్లో లాగ్, ఇంకోదాంట్లో స్టాండర్డ్ పెట్టి తర్వాత కలపొచ్చనుకుంటే అది నిద్ర లేని వారం. ఎస్-లాగ్2లో తీసి ఎస్-లాగ్3 లట్ వేసేవాళ్లు కూడా ఉన్నారు. రెండింటి గీతలూ వేరు. అది తప్పుడు పాస్‌వర్డ్‌తో పదేపదే లాగిన్ అవ్వాలని చూడటమే.

మీ కెమెరాకి ఏది పడుతుందో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఇంట్లో ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టండి, పక్కన తెల్ల తువ్వాలు, ఎర్ర గుడ్డ, వెనక వెలుగుతున్న బల్బు. ఒకే ఎక్స్‌పోజర్‌తో సినీ2, సినీ4, ఎస్-సినీటోన్, ఎస్-లాగ్3, ఒక్కోటి పది సెకన్లు. తర్వాత ట్యూబ్‌లైట్ ఆపేసి బల్బు ఒక్కటే ఉంచి మళ్లీ అన్నీ. ల్యాప్‌టాప్‌లో మొహం దగ్గర రెండొందల శాతం జూమ్ చేసి చూడండి. బుగ్గ మీద చారలు, నల్ల జుట్టులో గ్రెయిన్స్, తువ్వాలులో నేత, ఈ మూడే చూడాలి. తేలినవాటిని మెమరీ రీకాల్‌లో 1, 2, 3గా సేవ్ చేసుకోండి. 1 ఎండకి, 2 నీడకి, 3 హాల్‌కి. మీ మోడల్‌లో ఆ సౌకర్యం లేకపోతే తెల్ల టేప్ ముక్క మీద ప్రొఫైల్, ఐఎస్ఓ, షట్టర్ రాసి కెమెరా అడుగున అంటించుకోండి. నాది ఇప్పటికీ టేపే. చెమటకి ఇంకు చెరిగిపోతుంటుంది కాబట్టి పర్మనెంట్ మార్కర్‌తో రాయండి.

వచ్చే వారం ఎన్‌డీ ఫిల్టర్లు. వేరియబుల్ తీసుకోవాలా, ఫిక్స్‌డ్ తీసుకోవాలా, ఆకాశం మధ్యలో ఆ నల్ల అడ్డగీత ఎందుకొస్తుందో చూద్దాం.